నాంగ్ చోలింగ్‌కి నచ్చదు

సిలాయ్ ఊళ్ళో గోలెస్ వారి పియాయాలంటే తెలియనివాళ్ళు లేరు. నల్లబెల్లం కూరి, పల్చగా ఒత్తి, పెనం మీద కాల్చే ఆ రొట్టెల వాసన తెల్లారేసరికి జీప్నీ బండ్ల స్టాండు దాకా పాకుతుంది. ముసలి గోలెస్ బతికున్నన్నాళ్ళూ "నా ముక్కుకి అందే దూరమే నా మార్కెట్టు, దానికి ప్రకటనలెందుకు?" అనేవాడు. ఆయన పోయాక వ్యాపారం ఆయన భార్య ఎల్పిదియా చేతికొచ్చింది. ఆవిడకి బకోలోద్ విమానాశ్రయంలో కూడా తమ డబ్బాలు కనపడాలని కోరిక. అందుకని మార్కెటింగ్‌కి ముగ్గురిని పెట్టుకుంది.

ముగ్గురిలో పెద్దవాడు జోవెన్. గంజి పెట్టిన చొక్కా, నున్నటి గుండు, చంకలో ఎప్పుడూ లాప్‌టాప్. గీతలు పైకి పోతున్న బొమ్మ ఒకటి చూపిస్తే చాలు, లోకం బాగుపడినట్టే ఆయనకి. రెండోది రోస్వి. డబ్బాల మీద, ఫోన్లలో, బ్యానర్ల మీద కనపడే మాటలన్నీ ఆ పిల్ల రాసినవే. నోటి దురుసు విషయంలో చేపల బజారు కూడా ఆమెకి దణ్ణం పెడుతుంది. మూడోవాడు బోయెట్, ఫొటోలు తీస్తాడు. ఏ పియాయాకి ఫొటో తీస్తే దాన్ని వెంటనే తినేస్తాడు కాబట్టి, రెండోసారి తీయాల్సొస్తే ఇంకో పళ్ళెం తెప్పించాలి.

ఈ ముగ్గురూ తమలో తాము పులులే. మేడమ్ ఎదుట మాత్రం పిల్లులు. అలాగని ఆవిడ తిట్టే మనిషి కాదు, గొంతు కూడా పెంచదు. ఎదుటివాళ్ళు తనకి నచ్చని మాట అనబోతున్నారని పసిగట్టగానే కళ్ళజోడు తీసి, నెమ్మదిగా తుడుచుకుంటూ, వాళ్ళ మొహంలోకి చూస్తుంది. అంతే. లోపల "వద్దు మేడమ్" అని బయల్దేరిన మాట పెదాల దగ్గరికొచ్చేసరికి "చిత్తం మేడమ్" అయిపోతుంది.

ప్రతి డిసెంబరులోనూ ఒక పొద్దున ఆవిడ వాళ్ళని మేడమీద తన భోజనాల బల్ల దగ్గరికి పిలుస్తుంది. గడిచిన ఏడాదిని వెనక్కి తిరిగి చూసుకోవడానికి. ఆ ఏడూ పిలిచింది. జోవెన్ లాప్‌టాప్ తెరిచాడు.

"గీతలు తర్వాత చూద్దాం, జోవెన్," అంది కాఫీ పోస్తూ. "ముందు నోటితో చెప్పండి. ఈ ఏడు ఏం మంచి జరిగింది?"

"ఊదారంగు పెండలం పియాయా తెగ అమ్ముడుపోయింది మేడమ్. పండగ నెల రాకముందే సరుకు ఖాళీ," అన్నాడు జోవెన్.

"కొత్త డబ్బా అందరికీ నచ్చింది," అంది రోస్వి.

"విమానాశ్రయంలో చోటు దొరికింది," అన్నాడు బోయెట్, నోట్లో బిస్కట్టుతో.

"బాగుంది. ఇదంతా ఎవరి చలవ?"

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తమ చలవేనంటే గొప్పలు పోయినట్టుంటుంది. మేడమ్ చలవంటే ముఖస్తుతిలా ఉంటుంది. కాబట్టి ఏడాదిగా అలవాటైన మాటే ముగ్గురి నోటా ఒక్కసారి వచ్చింది.

"నాంగ్ చోలింగ్ చలవ, మేడమ్."

ఇక్కడ నాంగ్ చోలింగ్ సంగతి చెప్పాలి. జనవరిలో మనీలా నుంచి ఒక శిక్షకుడొచ్చి వాళ్ళకి పాఠం చెప్పిపోయాడు. మీ సరుకు కొనే మనిషిని కళ్ళముందు నిలబెట్టుకోండి, ఆ మనిషికి పేరు పెట్టండి, ఇల్లూ వాకిలీ ఇవ్వండి, ఏ పని చేసినా ఆ మనిషికి నచ్చుతుందా అని అడగండి అన్నాడు. ముగ్గురూ మధ్యాహ్నం నూడుల్స్ తింటూ ఒక మనిషిని కల్పించారు. విక్టోరియాస్ ఊళ్ళో ఉంటుంది, రిటైరైన పంతులమ్మ, భర్త లేడు, ఒక పిల్లి ఉంది, సాయంత్రం కాఫీలో పియాయా ముంచుకు తింటుంది. చోలింగ్ అని పేరు పెట్టి, పెద్దావిడని ఊరికే పేరుతో పిలిస్తే బాగోదని ముందు నాంగ్ తగిలించారు.

ఫిబ్రవరిలో మేడమ్ డబ్బాకి ముదురు గులాబీ రంగు వేయమంది. ఆ రంగు ముగ్గురిలో ఒక్కరికీ నచ్చలేదు. చెప్పే ధైర్యం ఎవరికి? జోవెన్ గొంతు సవరించుకుని, "నాంగ్ చోలింగ్‌కి నచ్చదు మేడమ్" అన్నాడు.

"ఎవరావిడ?"

"మన కస్టమరు మేడమ్." మన కస్టమర్లందరి సారం అనబోయాడు గానీ, అప్పటికే మేడమ్ చెయ్యి కళ్ళజోడు మీదికి పోతోంది. సారం గొంతులోనే ఆగిపోయింది.

చిత్రం, కళ్ళజోడు ఊడిరాలేదు. మేడమ్ కాసేపు ఆలోచించి, "అయితే లేత పసుపు వేయండి" అంది.

ఆ క్షణం నుంచి ముగ్గురికీ ఒక ఆయుధం దొరికింది. ఊరి పండగలో తానే స్టేజీ ఎక్కి పాడతానని మేడమ్ అంటే, గొంతు దాచుకోమని నాంగ్ చోలింగ్ సలహా ఇచ్చింది. మేడమ్ మేనల్లుడు కంపెనీ కోసం ఒక పాట కట్టి పంపితే, అది విని నాంగ్ చోలింగ్‌కి జీప్నీలో కట్టేసిన మేక గుర్తొచ్చింది. ఆగస్టులో తన మొహాన్ని రేపర్ నిండా వేయిద్దామని మేడమ్ అనుకుంటే, చిన్నపిల్లలు జడుసుకుంటారని నాంగ్ చోలింగ్ నెమ్మదిగా హెచ్చరించింది. ఒక్కోమాటకీ మేడమ్ కాసేపు మూతి ముడుచుకునేది, తర్వాత "ఆవిడ మాటా నిజమేలే" అని ఊరుకునేది. అంతటితో ఆగలేదు. ప్రతినెలా నాంగ్ చోలింగ్‌కి ఇమ్మని ఒక డబ్బా పంపేది, పిల్లి ఎలా ఉందని అడిగేది. పిల్లి ఈనిందని రోస్వి చెప్తే కూనలకి పేర్లు కూడా పంపింది.

ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర, ఆ పేరు మళ్ళీ వినపడగానే ఆవిడ మొహం వెలిగింది.

"నేనూ అదే అనుకుంటున్నాను. అందుకే ఈసారి క్రిస్మస్ విందుకి ఆవిడే మన ముఖ్య అతిథి. నా పక్కన కూర్చోబెడతాను. శనివారం మీరు తీసుకురండి."

బోయెట్ గొంతులో బిస్కట్టు అడ్డం పడింది.

*

కింద ప్యాకింగ్ గదిలో, అట్టపెట్టెల చాటున ముగ్గురూ సమావేశమయ్యారు.

"చంపేద్దాం," అన్నాడు బోయెట్. "డెంగీ. పాపం, హఠాత్తుగా."

"తెలివైనవాడివే!" అంది రోస్వి. "మేడమ్ ఊరుకుంటుందా? కాల్చిన పందిని వ్యాన్లో వేసుకుని శవజాగరణకి విక్టోరియాస్ వెళ్తుంది. శవం ఏదంటే నువ్వు పడుకుంటావా పెట్టెలో?"

"నేను పట్టను."

"పోనీ ఊరు మారిపోయిందందాం, దవావ్‌కి," అన్నాడు జోవెన్.

"వీడియో కాల్ చేయమంటుంది సర్."

"నిజం చెప్పేస్తే?" అన్నాడు జోవెన్ మళ్ళీ, చాలా చిన్నగొంతుతో.

మిగతా ఇద్దరూ ఆయన వైపు చూశారు. "ఎవరు చెప్తారు సర్?" అని అడిగింది రోస్వి. జోవెన్ గుండు తడుముకున్నాడు. ఆ ప్రస్తావన అక్కడితో ముగిసింది.

చివరికి మనిషిని తెచ్చింది రోస్వియే. వాళ్ళమ్మకి చెల్లెలు, తీతా బెబాంగ్. తీతా అంటే పిన్ని. వయసు సరిపోతుంది. పైగా నటి. పవిత్ర వారంలో ఆడే శిలువ నాటకంలో చాలా ఏళ్ళుగా, శిక్ష వేసే అధికారి పిలాతు భార్య వేషం ఆవిడదే. ఆ పాత్రకున్నది తాను కన్న ఒక్క కల చెప్పడం, అదీ నాలుగు మాటల్లో. తీతా బెబాంగ్ చేతిలో పడ్డాక ఆ కల ఏటేటా పెరిగి, చివరికి పిలాతే కుర్చీలో కునికే దాకా వచ్చింది.

"చాలా తేలిక తీతా," అని నేర్పింది రోస్వి. "నువ్వు పంతులమ్మవి. ముక్కుసూటి మనిషివి. మేడమ్ ఏం అడిగినా వద్దు, బాగాలేదు, నచ్చలేదు అను. తక్కువ మాట్లాడు."

"ఏమే, నాకా నటన నేర్పుతావు? నువ్వు పుట్టకముందే స్టేజీ ఎక్కాను."

"స్టేజీ ఎక్కుతావని కాదు తీతా, దిగవని నా భయం."

"నా మీద నమ్మకం లేకపోతే వేరేవాళ్ళని చూసుకో. ఇంతకీ విందులో లెచోన్ ఉందా?"

"ఉంది."

"అయితే నేనే నాంగ్ చోలింగ్‌ని."

*

శనివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ వాకిట్లో నక్షత్రాల్లాంటి లాంతర్లు కట్టారు. పిండి కలిపే ఆడవాళ్ళూ, పెనాల దగ్గరి మగవాళ్ళూ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఒక మూల కరవోకే యంత్రాన్ని తట్టి లేపుతున్నారు. మధ్యబల్ల మీద లెచోన్, నిలువునా కాల్చిన పంది, ఎర్రగా నిగనిగలాడుతూ పడుకునుంది. బోయెట్ దానికి ఒకటే ఫొటోలు తీస్తున్నాడు, తోక అప్పటికే లేదు.

తీతా బెబాంగ్ పిలాతు భార్య చెవిపోగులు పెట్టుకునే వచ్చింది. రోస్వి ఆవిణ్ణి పక్కకి లాగింది. "పంతులమ్మకి ఇంత జూకాలేంటి తీతా?" అని చెవిలో గొణిగితే, "పింఛను డబ్బుల్తో కొనుక్కున్నాలే" అంది ఆవిడ.

మేడమ్ గేటు దాకా తానే ఎదురొచ్చింది. రెండు చేతులూ పట్టుకుని లోపలికి నడిపించింది. కుర్చీ లాగి కూర్చోబెట్టి, లెచోన్ మీద కరకరలాడే తోలు తన చేత్తో విరిచి పళ్ళెంలో వేసింది. ఇంట్లో ఆరుగురికి వండి వడ్డించి, చివరికి మిగిలింది తినడమే తెలుసు తప్ప, తనకి ఒకరు వడ్డించడం తీతా బెబాంగ్ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ తోలు నోట్లో పడగానే ఆవిడ కళ్ళు చెమర్చాయి. నేర్చుకున్న "వద్దు"లన్నీ ఆ తోలుతోపాటే కరిగిపోయాయి.

పక్క బల్ల దగ్గర ముగ్గురూ చెవులు రిక్కించుకుని కూర్చున్నారు.

"ఎన్నాళ్ళ నుంచో మిమ్మల్ని చూడాలని," అంది మేడమ్. "ఆగస్టులో నా బొమ్మ రేపర్ మీద వద్దన్నారట?"

"నేనా!" తీతా బెబాంగ్ గుండెల మీద చెయ్యేసుకుంది. "దేవమాత తోడు! ఇంత లక్షణమైన మొహాన్ని ఎవరైనా వద్దంటారా? రేపరేం ఖర్మ, చర్చి గోడ మీద వేయించండి."

రోస్వి చేతిలో ఫోర్కు వంగింది.

మేడమ్ నవ్వు కొంచెం తగ్గింది. "మా మేనల్లుడి పాట కూడా మీకు పడలేదని..."

"ఎవరన్నారండీ? రోజూ బట్టలు ఉతుక్కుంటూ అదే పాడుకుంటాను."

"ఆ పాట ఇంకా బయటికే రాలేదు."

తీతా బెబాంగ్ ఇంకో తోలు ముక్క అందుకుంది. "అందుకే కదా మనసులో పాడుకుంటాను!"

"వెళ్ళి ఆపండి," అన్నాడు జోవెన్ పళ్ళ మధ్య నుంచి.

"ఎలా సర్? రంగస్థలం మీదున్న మనిషిని లాగేస్తే నాటకం ఆగుతుందా?" అన్నాడు బోయెట్. "పిలాతు వల్లే కాలేదు."

మేడమ్ తన పళ్ళెంలోకి చూస్తూ, సన్నగా అడిగింది. "వచ్చే ఏడు బెల్లం మానేసి, పియాయాల్లో ఎండుచేప కూరి అమ్ముదామనుకుంటున్నాను. ఏమంటారు?"

"అద్భుతం! ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టకపోవడమే వింత!"

మేడమ్ చెంచా కింద పెట్టింది. కళ్ళజోడు తీయలేదు. ఎవరినీ గుచ్చి చూడలేదు. భుజాలు మాత్రం కాస్త జారాయి. లాంతర్ల వైపు చూస్తూ, తనలో తాను అనుకున్నట్టుగా అంది:

"మా ఆయన పోయాక నాతో కాదని అన్న మనిషి మీరొక్కరే అనుకున్నాను. ఆ మనిషి పక్కన కూర్చుని ఒక్కపూట అన్నం తిందామనిపించింది. అంతే."

పక్క బల్లకి ఆ మాట వినపడింది. బోయెట్ నమలడం ఆపాడు. జోవెన్ తల దించుకున్నాడు. రోస్వి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తనకే తెలియదు. కాళ్ళు లేచాయి, నోరు వాటి వెంట పోయింది.

"వద్దు మేడమ్. ఎండుచేప వద్దు. కొన్నవాళ్ళు ఒట్టు పెట్టుకుని మళ్ళీ మన కొట్టు గుమ్మం తొక్కరు."

"నీకేం తెలుసు? నాంగ్ చోలింగ్ బాగుందన్నది."

"నాంగ్ చోలింగ్ లేదు మేడమ్. ఈవిడ మా తీతా. మీ బొమ్మ చూస్తే పిల్లలు జడుసుకుంటారన్నది నేను."

కరవోకే యంత్రం ఒక్కటే ఎవరూ పాడని పాటకి తాళం వేసుకుంటోంది. మేడమ్ కళ్ళజోడు తీసింది. తుడిచింది. చూసింది. రోస్వి కూర్చోలేదు.

"మేక అన్నది కూడా నువ్వేనా?"

బోయెట్ చెయ్యెత్తాడు. ఆ చేతిలో ఎముక ఉంది. "నేను మేడమ్. మేకే నయమని కూడా అన్నాను. ఆ ముక్క జోవెన్ సర్ తీసేశారు."

"స్టేజీ మీద పాడొద్దన్నది?"

జోవెన్ లేచి గంజి చొక్కా సర్దుకున్నాడు. "మేడమ్, గొంతు దాచుకోమన్నాను..."

"ఎందుకు?"

ఆయన చుట్టూ చూశాడు. దాక్కోవడానికి గీతల బొమ్మ ఒక్కటీ లేదు. "మీరు గొంతు దాచుకోకపోతే జనం దాక్కోవాల్సొస్తుంది మేడమ్," అనేసి కళ్ళు మూసుకున్నాడు.

పిండి కలిపే ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

"నేను నెలనెలా పంపిన డబ్బాలు?"

అందరి చూపులూ బోయెట్ పొట్ట మీదికి పోయాయి.

"మరి పిల్లికూనలు?"

"అవి మాత్రం నిజం మేడమ్," అంది రోస్వి ఆత్రంగా. "మా ఇంట్లోనే ఉన్నాయి. మీరు పెట్టిన పేర్లే పెట్టాం."

మేడమ్ మొహానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని జోవెన్ మంచినీళ్ళ గ్లాసు తీసుకుని పరిగెత్తాడు. దగ్గరికెళ్ళి చూస్తే నవ్వు. ఆపుకోవాలని చూస్తున్నకొద్దీ తన్నుకొస్తున్న నవ్వు. ఆవిడ నవ్వడం చూడగానే వాకిలంతా గొల్లుమంది.

కళ్ళు తుడుచుకుని, "నవ్వాను కదాని వదిలేశాననుకోకండి," అంది. "ఏడాదంతా ఒక ముసలావిడ కొంగు చాటున నక్కి మాట్లాడారు. ఇప్పుడు స్టేజీ ఎక్కండి. నాంగ్ చోలింగ్ ఈ ఏడు ఏమేం అన్నదో, ఏది ఎవరు అన్నారో, ఎవరి నోటితో వాళ్ళు చెప్పండి. మొన్న మేడమీద చేసింది లెక్కలోకి రాదు. అసలు సమీక్ష ఇదీ."

ఆ సాయంత్రం ఆటలు మానేసి అదే ఆట అయింది. ముందుగా మైకు పట్టుకున్నది జోవెన్. నాలుగు మాటలయ్యేసరికి గొంతు పుంజుకుంది. డబ్బాకి మేడమ్ కోరిన గులాబీ రంగు పెనం మీద కాలిన చెయ్యిలా ఉంటుందని ఆయన అంటే, పెనాల దగ్గరి మగవాళ్ళు చేతులెత్తి చూపించి చప్పట్లు కొట్టారు. బోయెట్ మేనల్లుడి పాటని మేకలా పాడి వినిపించాడు. రోస్వి ఒక్కో మాటా ఒప్పుకుంటూ, "ఇది నాదే, ఇదీ నాదే, ఇది బోయెట్‌ది గానీ బాగుంది కాబట్టి నాదనుకోండి" అంటూ పోయింది. మేడమ్ కుర్చీలోంచే పోట్లాడింది.

"జడుసుకునేంత ఏముంది నా మొహంలో? నేనొప్పుకోను!"

"ఇప్పుడు లేదు మేడమ్. కళ్ళజోడు తీసినప్పుడు వస్తుంది," అంది రోస్వి మైకులో.

జనం ఈలలేశారు. మేడమ్ కళ్ళజోడు తీయబోయి, ఆగి, మళ్ళీ ముక్కు మీదికి తోసుకుంది.

తీతా బెబాంగ్ మాత్రం ఆఖరిదాకా పాత్ర వదల్లేదు. "వాళ్ళేదో చిన్నపిల్లలు, అంటారు. నేను మాత్రం నాంగ్ చోలింగ్‌నే," అని ముఖ్య అతిథికిచ్చే బహుమతి బుట్ట దర్జాగా ఒళ్ళో పెట్టుకుంది. మేడమ్ దాన్ని వెనక్కి తీసుకోలేదు. పైగా ఇంటికి పట్టుకెళ్ళమని లెచోన్ తొడ కట్టించింది. పవిత్ర వారంలో నాటకం చూడ్డానికొస్తానని మాటకూడా ఇచ్చింది. "మొదటి వరసలో కూర్చోండి," అంది తీతా బెబాంగ్. "ఈసారి నా కల ఇంకొంచెం పెంచుతున్నాను."

*

జనవరి మొదటి సోమవారం ముగ్గురినీ మేడమీదికి పిలిచింది. లాప్‌టాప్ తేవద్దని ముందే కబురు. బల్ల మీద పళ్ళెంలో వేడి పియాయాలున్నాయి.

"చింతపండు కూరి చేయించాను. తినండి. తిని చెప్పండి."

ముగ్గురూ తుంచుకుని నమిలారు. జోవెన్ మొహం ముడతలు పడింది. "అంటే మేడమ్... మార్కెట్టు దీన్ని ఎలా చూస్తుందంటే..."

"మార్కెట్టు ఈ గదిలో లేదు. నువ్వున్నావు."

ఆయన కష్టంగా మింగాడు. "బాగాలేదు మేడమ్."

"రోస్వీ?"

"పళ్ళు జివ్వుమంటున్నాయి మేడమ్. దీన్ని పియాయా అని అమ్మితే పోలీసులొస్తారు."

మేడమ్ పెదాలు బిగుసుకున్నాయి, మళ్ళీ వదులయ్యాయి. బోయెట్ వైపు తిరిగింది. అతను అప్పటికి రెండోది తింటున్నాడు.

"నాకు నచ్చింది మేడమ్."

"ఒరేయ్!" అంది రోస్వి. "అప్పుడే మొదలెట్టావా కాకా పట్టడం?"

"కాకా ఏంటి? నిజంగా బాగుంది."

"నీకు అట్టపెట్టె కూడా బాగుంటుంది! ఇది నోరా, చెత్తబుట్టా?"

"సర్, చూడండి సర్ ఈవిడ మాటలు. పుల్లపుల్లగా, తియ్యతియ్యగా, ఎండాకాలం ఎంత బాగుంటుందో ఆలోచించండి."

"ఎండాకాలమా?" జోవెన్ బల్ల మీద గుద్దాడు. జీవితంలో మొదటిసారి ఆయన బల్ల గుద్దడం. "ఎండాకాలం చింతపండు ఎవడు తింటాడయ్యా, తిన్నాక వేసే దాహం ఎవరు తీరుస్తారు, నువ్వా నేనా?"

"దాహమైతేనే కదా సర్ పక్కనే మన నిమ్మరసం కూడా అమ్ముకోవచ్చు!"

"మనకి నిమ్మరసం ఎక్కడుందిరా?" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

మేడమ్ అడ్డు చెప్పలేదు. కుర్చీలో వెనక్కి వాలి, తన కప్పులో కాఫీ పోసుకుని, పళ్ళెంలో మిగిలిన పియాయా ముక్క ఒకటి అందుకుంది. నోట్లో వేసుకోగానే ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది. అయినా నమిలింది.

"కానివ్వండి," అంది. "వింటున్నాను."